గాలి నడిచిన దారి



తుఫాను వెలిసిన మర్నాడు మన కోస్తా ఊళ్లలో ఒక మాట వినబడుతుంది. "రాసుకోవడానికి వచ్చారా?" అని. రెవెన్యూ వాళ్లు వచ్చి కూలిన ఇల్లు, పడిపోయిన కొబ్బరిచెట్టు, నీట మునిగిన వరిచేను, చనిపోయిన గేదె, అన్నీ రాసుకుంటారు. "మా పేరు రాశారా బాబూ?" అని ఇల్లాలు ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. ఆ రాతలోనే ఆమె ఇంటి పైకప్పు ఉంది, పిల్లల తిండి ఉంది. అందుకే నష్టం అంచనా అనగానే మనకు పరిహారం గుర్తుకొస్తుంది.

ఈ పూట మీకు ఇంకో రకం అంచనా గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆ పని మీద వచ్చేవాళ్లూ కెమెరా, టేపు పట్టుకునే వస్తారు. కూలిన ఇంటి ముందు నిలబడతారు. వాళ్లు వెతికేది మాత్రం రాత్రి చీకట్లో ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయిన గాలి జాడ. అది ఎక్కడ నేలను తాకింది, ఏ దారిన నడిచింది, ఎంత వేగంతో వీచింది? చూసినవాళ్లు లేరు కాబట్టి, కూలిపోయిన వాటినే అడుగుతారు.

ఆ గాలి పేరు టోర్నడో. సుడిగాలి అందామంటే, మనకు ఆ మాటతో వేసవి మధ్యాహ్నం చేలగట్ల మీద దుమ్మూ ఎండుటాకులూ లేపే చిన్న సుడి మనసులో మెదులుతుంది. టోర్నడో అలాంటిది కాదు. ఉరుముల మేఘం అడుగు నుంచి నేల దాకా దిగే గాలి స్తంభం అది, గిరగిరా తిరుగుతూ కదులుతుంది. మన తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పున, రోజుల ముందు కబురు పంపి వస్తుంది. టోర్నడో వెడల్పు చాలాసార్లు కొన్ని వందల మీటర్లే. కబురు అందేది నిమిషాల ముందు, అదీ అందితే. వీధికి ఈ పక్క ఇల్లు నేలమట్టమై, ఆ పక్క ఇంటి వసారాలో కుర్చీ కదలకుండా ఉండటం అక్కడ మామూలే.

అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రంలో, 2020 మార్చి 2వ తేదీ సోమవారం రాత్రి జరిగిన సంగతి చూద్దాం. జనం పడుకున్నారు. అర్ధరాత్రి దాటిన అరగంటకు నాష్‌విల్ నగరానికి పడమర వైపు ఒక టోర్నడో దిగింది. ఒక చిన్న విమానాశ్రయంలోని షెడ్లనూ విమానాలనూ నుజ్జు చేసింది. నగరపు ఉత్తర భాగం మీదుగా, నది దాటి, ఈస్ట్ నాష్‌విల్, డొనెల్సన్ వీధుల గుండా, మౌంట్ జూలియట్, లెబనాన్ పట్టణాల మీదుగా తూర్పుకు సాగిపోయింది. దాదాపు గంటసేపు నేలను వదలలేదు. అయిదుగురు చనిపోయారు.

అదే మేఘం ఇంకా తూర్పుకు కదిలింది. తెల్లవారుజామున రెండు గంటలు కావస్తుండగా, నాష్‌విల్‌కు సుమారు 80 మైళ్ల దూరంలోని కుక్‌విల్ పట్టణానికి పడమర వైపు మరో టోర్నడో దిగింది. అది నేల మీద ఉన్నది పది నిమిషాల లోపే. ఆ కాస్త సమయంలో 19 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో చిన్నపిల్లలు ఉన్నారు.  అంతకు ముందు అదే రాత్రి, మన జిల్లా లాంటి బెంటన్ కౌంటీలో పోయిన ఒకరితో కలిపి, మొత్తం 25 మంది.

తెల్లవారింది. ముందు వచ్చేది బతికున్నవాళ్ల కోసం వెతికేవారు. తర్వాత అంబులెన్సులు, తెగిన కరెంటు తీగలు తీసేవారు. వాళ్ల పనికి అడ్డం రాకుండా, వాళ్ల వెనకాల వస్తారు అమెరికా జాతీయ వాతావరణ సేవ మనుషులు. చాలాసార్లు ముందు రాత్రి రాడార్ తెర ముందు కూర్చుని హెచ్చరికలు పంపిన కార్యాలయం వాళ్లే వీళ్లు. తెర మీద ఎర్రని మచ్చగా చూసినదాన్ని ఇప్పుడు కాలినడకన చూస్తారు. ఒక తల్లి తడిసిన బట్టల కుప్పలో ఏదో వెతుక్కుంటున్న చోట నిలబడి కొలతలు తీసుకోవాలి. అడగకుండా గడప దాటకూడదు. ముందు పలకరించాలి, తర్వాతే టేపు తీయాలి.

మొదట చెట్లను చూస్తారు. ఒక్క చెట్టు పడితే దానితో ఏమీ తేలదు. వంద చెట్లు ఏ ఏ వైపులకు తల పెట్టి పడుకున్నాయో చూస్తే గాలి నడక బయటపడుతుంది. ఆ దేశంలో టోర్నడోలు దాదాపు అన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. తూర్పుకు సాగే టోర్నడోకు కుడి చెయ్యి దక్షిణం. అటు పక్కన సుడి వేగమూ, ముందుకు నడిచే వేగమూ ఒకదానికొకటి తోడవుతాయి. అందుకని ఆ పక్క దెబ్బ ఎక్కువ, చెట్లు సుడి సాగిన దిక్కుకే వాలి పడతాయి. ఎడమ పక్కన రెండు వేగాలూ ఎదురెదురు. అక్కడి చెట్లు వేరే దిక్కుకు, మధ్య గీత వైపుకు పడతాయి. రెండు పక్కలా పడినవాటి దిశలు పటం మీద గీస్తే, మధ్యలో గాలి నడిచిన దారి పాపిట తీసినట్టు కనబడుతుంది.

తర్వాత ఇళ్లు. ఇల్లు కట్టి చూడు అన్నారు మన పెద్దలు. కూలిన ఇంటిని చూస్తే, దాన్ని ఎలా కట్టారో ప్రతి ముక్కా చెబుతుంది. అమెరికా ఇళ్లు ఎక్కువ భాగం చెక్క చట్రం మీద నిలబెట్టినవి. గాలి ముందు గరాజు తలుపునో, కిటికీనో పగలగొడుతుంది. లోపలికి దూరిన గాలి పైకప్పును కింది నుంచి ఎత్తుతుంది. పైనుంచి వెళ్లే గాలి అదే కప్పును పైకి లాగుతుంది. కప్పు లేచిపోతే గోడలకు పట్టు పోతుంది. బయటి గోడలు పడతాయి, ఆ తర్వాత లోపలి గదులు. ఈ వరుస తెలిసినవాడు శిథిలాన్ని చూసి గాలి ఎంతదాకా వచ్చి ఆగిందో చెప్పగలడు. కప్పు పెంకులు మాత్రమే పోయాయా? వాసాలు లేచాయా? లోపలి చిన్న గది ఒక్కటైనా మిగిలిందా? పునాది తుడిచిపెట్టినట్టు ఉందా?

ఇలాంటి ప్రశ్నలకు వాళ్ల దగ్గర ఒక పట్టిక ఉంది. పేరు మెరుగుపరిచిన ఫుజిటా మాపకం, ఇ.ఎఫ్. స్కేల్ అంటారు. అందులో ఇల్లు, చక్రాల మీద తెచ్చి నిలిపే మొబైల్ హోమ్, బడి, దుకాణం, కరెంటు స్తంభం, చెట్టు లాంటివి మొత్తం 28 రకాలు. ఒక్కొక్క రకానికి ఎంత దెబ్బ తగిలితే ఎంత గాలి అని మెట్లు. ఆ గాలి వేగాన్ని బట్టి టోర్నడోకు స్థాయి, అతి తక్కువకు సున్నా, అతి ఎక్కువకు అయిదు. నాష్‌విల్ టోర్నడోకు మూడో స్థాయి ఇచ్చారు, గంటకు 165 మైళ్లు, అంటే 265 కిలోమీటర్లు. కుక్‌విల్‌ది నాలుగో స్థాయి, గంటకు 175 మైళ్లు, దాదాపు 280 కిలోమీటర్లు. ఈ అంకెలను ఏ యంత్రమూ కొలవలేదు. విరిగిన వాటి నుంచి మనుషులు రాబట్టారు.

రాబట్టేటప్పుడు తొందరపడకూడదు. రెండు ఇళ్లు పునాది దాకా కొట్టుకుపోయాయి అనుకోండి. రెంటికీ ఒకే అంకె వేయకూడదు. పరిశీలకుడు పునాది దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతాడు. గోడ కింది చెక్కను కాంక్రీటుకు యాంకర్ బోల్టులతో బిగించారా? బోల్టు ఉంటే దానికి నట్టూ వాషరూ ఉన్నాయా? లేక ఉత్త మేకులు కొట్టి వదిలేశారా? మేకులతో నిలబెట్టిన గోడను లేపడానికి అంత పెద్ద గాలి అక్కర్లేదు. పక్కనే ఉన్న పూలమొక్కనూ చూస్తాడు. ఇల్లు మొత్తం పోయి, మొక్కకు ఆకులు నిలిచి ఉంటే, ఇల్లు పోవడానికి గాలి బలం కన్నా కట్టుబడి లోపం పెద్ద కారణం కావచ్చు. నా దృష్టిలో ఈ పని మొత్తంలో ముఖ్యమైన చోటు ఇదే. గాలి వేగం కోసం మొదలైన వెతుకులాట, ఇక్కడికి వచ్చేసరికి మనిషి వదిలేసిన నట్టు దగ్గర ఆగుతుంది.

ఈ చదువుకు ఆద్యుడు ఒక జపాన్ దేశస్థుడు. ఆయన పేరు తెత్సుయా ఫుజిటా. 1920లో, ఇప్పటి కితాక్యూషూ నగర ప్రాంతంలో పుట్టారు. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబు వేయడానికి విమానం మొదట వెళ్లింది కోకురా పట్టణం మీదికి. యువ అధ్యాపకుడు ఫుజిటా ఉన్న కళాశాల ఆ పక్కనే. కోకురా మీద మసక కమ్మి గురి దొరక్క విమానం నాగసాకికి మళ్లింది. కొన్ని వారాల తర్వాత ఫుజిటా నాగసాకి, హిరోషిమా శిథిలాలను పరిశీలించడానికి వెళ్లారు. పేలుడు జరిగిన చోటు చుట్టూ చెట్లు నక్షత్రపు కిరణాల్లా నలుదిక్కులకూ పడి ఉండటం చూశారు. కాలిన గుర్తుల దిశలను బట్టి బాంబు ఎంత ఎత్తున పేలిందో లెక్క కట్టారు. తనను తప్పించి ఇంకో ఊరిని కాల్చిన బాంబు జాడలో ఆయన నేర్చుకున్న చదువు అది.

తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో చేరారు. 1971లో టోర్నడోల తీవ్రతకు మెట్లు కట్టారు. ఇప్పుడు వాడే మెరుగుపరిచిన రూపం 2007 నుంచి అమల్లోకి వచ్చింది. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో అమెరికాలో 13 రాష్ట్రాలలో 148 టోర్నడోలు విరుచుకుపడినప్పుడు ఆయన విమానంలో తిరిగి చూశారు. కొన్ని చోట్ల చెట్లు సుడి తిరిగినట్టు లేవు. నాగసాకిలో చూసినట్టు, ఒక చోటి నుంచి బయటికి విరజిమ్మినట్టు ఉన్నాయి. అది టోర్నడో కాదని, మేఘం లోంచి గాలి కిందికి కుమ్మరించి నేలను కొట్టి నాలుగు వైపులా చిమ్ముతోందని తేల్చారు. దానికి డౌన్‌బరస్ట్ అని పేరు పెట్టారు. 1975లో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో దిగబోతూ ఒక విమానం కూలి 113 మంది చనిపోయినప్పుడు, కారణం ఆ గాలేనని చూపించారు. ఆ తర్వాతనే అలాంటి గాలిని కనిపెట్టే రాడార్లు విమానాశ్రయాలకు వచ్చాయి, పైలట్లకు శిక్షణ మొదలైంది. కూలిన చెట్లను చదివిన ఆ చూపు వల్లనే విమానంలో కూర్చున్నవాళ్ల ప్రాణాలు దక్కుతున్నాయి.

మళ్లీ టెన్నెస్సీకి వద్దాం. అక్కడి శిథిలాల పరిశీలన వల్ల తేలిన మొదటి విషయం, నాష్‌విల్‌ను కొట్టినదీ కుక్‌విల్‌ను కొట్టినదీ ఒకటే టోర్నడో కాదని. మొదటిది సుమారు 60 మైళ్లు నడిచి ఆగిపోయింది.  ఆ తర్వాత కుక్‌విల్ దగ్గర ఎనిమిది మైళ్ల పొడవున కొత్త దారి మొదలైంది. ఆ తేడా కుక్‌విల్ వాళ్లకు చావు బతుకుల సమస్య. అరవై మైళ్ల నుంచి నడిచి వస్తున్న టోర్నడో గురించి ముందే కబురు పంపవచ్చు. ఊరి గుమ్మంలో పుట్టి, నిమిషాల్లో ఊరిని తుడిచిపెట్టినదాని గురించి పంపడానికి సమయం ఎక్కడిది? నిద్రలో ఉన్నవాడు మేలుకుని, పిల్లల్ని లేపి, మెట్లు దిగడానికి కూడా చాలదు.

రాత్రి అనేదే ఇక్కడ పెద్ద శత్రువు. 1950 నుంచి 2005 దాకా అమెరికా టోర్నడోల లెక్కలు తీసిన పరిశోధకులు, రాత్రి వచ్చినవి నూటికి 27 అనీ, చావుల్లో మాత్రం వాటి వాటా నూటికి 39 అనీ చూపారు. కారణాలు కష్టమైనవేమీ కావు. చీకట్లో మేఘం కనబడదు. ఊళ్లో మోగే సైరన్ ఆరుబయట ఉన్నవాళ్ల కోసం పెట్టింది, తలుపులు వేసుకుని పడుకున్నవాళ్లకు వినబడుతుందన్న నమ్మకం లేదు. పగలైతే బడిలోనో ఆఫీసులోనో గట్టి కట్టడంలో ఉండే మనిషి, రాత్రి తన ఇంట్లో ఉంటాడు. ఆ ఇల్లు మొబైల్ హోమ్ అయితే, బలహీనమైన గాలికే తిరగబడుతుంది.

అంచనా ఒక్క రోజులో ముగియదు కూడా. 2025 జూన్ 20న ఉత్తర డకోటాలోని ఎండర్లిన్ దగ్గర రాత్రి పదకొండు దాటాక వచ్చిన టోర్నడోలో ముగ్గురు చనిపోయారు. మొదట దానికి మూడో స్థాయి వేశారు. అది దాటిన దారిలో ఒక గూడ్సు రైలు ఉంది. ధాన్యం నిండిన బరువైన పెట్టెలు పట్టాలు తప్పి పడ్డాయి. ఒక ఖాళీ ట్యాంకర్ గాలిలో లేచి 145 మీటర్ల అవతల పడింది. అంత బరువును ఎత్తడానికి ఎంత గాలి కావాలో నిపుణులు నెలల తరబడి లెక్క కట్టారు. అక్టోబరులో దాన్ని అయిదో స్థాయికి, గంటకు 210 మైళ్లకు పైన అని మార్చారు. 2013 తర్వాత ఆ దేశంలో అయిదో స్థాయి అదే మొదటిది. మొదట వేసిన అంకె తప్పని తేలితే దిద్దుకున్నారు. నాకు ఆ నిజాయితీ అంటే గౌరవం.

ఇంత శ్రమ ఎందుకు, పోయినవాళ్లు తిరిగి వస్తారా అని ఎవరైనా అడగవచ్చు. 2011 మేలో మిస్సోరీ రాష్ట్రంలోని జాప్లిన్ పట్టణంలో టోర్నడో 150 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎక్కడ ఎవరు, ఏ గోడ కింద, ఎందుకు చనిపోయారో అమెరికా ప్రమాణాల సంస్థ ఏళ్ల తరబడి పరిశీలించింది. దాని ఫలితంగా, కట్టడాల ప్రమాణాల 2022 కూర్పులో టోర్నడో గాలిని తట్టుకోవలసిన లెక్క మొదటిసారి చేరింది. అది ఆసుపత్రులకు, బడులకు, అగ్నిమాపక కేంద్రాల లాంటి వాటికి. మామూలు ఇళ్లకు ఇంకా రాలేదు. మనిషి నిద్రపోయేది మామూలు ఇంట్లోనే కదా. ఆ బోల్టులు, నట్లు అక్కడికీ చేరాలి.

శ్రోతలారా, ఈ చదువు అవసరం మనకు దూరం కాదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో కొద్ది సమయంలో 50 వేలకు పైగా చెట్లు కూలాయని అటవీ అధికారులు అంచనా వేశారు. సమ్మక్క సారలమ్మల అడవిలో మహావృక్షాలు వేళ్లతో సహా లేచిపోయాయి. టోర్నడోయా, మేఘం కుమ్మరించిన గాలా అన్న చర్చ నడిచింది. ఫుజిటా చూపిన పద్ధతి ప్రకారం దానికి జవాబు చెట్లు పడిన దిశలో ఉంటుంది. ఒక గీత వైపు వాలి పడ్డాయా, ఒక చోటి నుంచి బయటికి విరజిమ్మినట్టు పడ్డాయా అన్నది చూడాలి. కూలిన మాను అక్కడ ఉన్నంత కాలమే ఆ సాక్ష్యం ఉంటుంది. రంపం పడ్డాక ఉండదు.

నాష్‌విల్‌లోనూ, డల్లాస్ చుట్టుపక్కలా మన తెలుగు కుటుంబాలు, చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు ఉన్నారు. 2019 అక్టోబరు 20 రాత్రి డల్లాస్ ఉత్తర భాగాన్ని కూడా ఒక టోర్నడో చీల్చుకుంటూ పోయింది. మీ పిల్లలతో ఈసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు నాలుగు మాటలు చెప్పండి. టోర్నడో వాచ్ అంటే రావచ్చని, వార్నింగ్ అంటే రాడార్‌లోనో కంటికో చిక్కిందని, లేచి కదలాలని. హెచ్చరికల్లో కౌంటీ పేర్లు చెబుతారు, తాము ఉండే కౌంటీ పేరు తెలిసి ఉండాలని. రాత్రి ఫోన్‌లో అత్యవసర హెచ్చరికల శబ్దం ఆపేయవద్దని. ఇంట్లో అన్నిటికన్నా కింది అంతస్తులో, కిటికీలు లేని లోపలి గది ఏదో ఇప్పుడే చూసి పెట్టుకోవాలని.

ఇంకొక మాట, రేడియో మనిషిగా చెబుతున్నాను. అక్కడ వాతావరణ రేడియో అని ఒక చిన్న పెట్టె దొరుకుతుంది. మామూలు రోజుల్లో మంచం పక్కన నోరు మెదపకుండా ఉంటుంది. మీ ప్రాంతానికి హెచ్చరిక వచ్చిందంటే, అర్ధరాత్రి అయినా దానంతట అదే గట్టిగా మోగి మనిషిని లేపుతుంది. సెల్ టవర్ కూలినా, ఇంటర్నెట్ పోయినా అది పలుకుతుంది. బ్యాటరీలు వేసి పెట్టుకుంటే చాలు.

ఇక మన ఊళ్ల సంగతి. రేపు మళ్లీ గాలివాన వస్తుంది. మళ్లీ రాసుకోవడానికి వస్తారు. రాయించుకోండి, అది మీ హక్కు. దానితో పాటు ఒక పని చేయండి. కూలినదాన్ని తీసేసే ముందు, చేతిలో ఫోన్ ఉంది కదా, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. చెట్టు ఏ దిక్కుకు తల పెట్టి పడిందో, రేకు ఏ మేకు దగ్గర ఊడిందో, వాసాన్ని గోడకు ఏది పట్టి ఉంచిందో, ఏది ఉంచలేకపోయిందో కనబడేలా తీయండి. పరిహారంతో ఇల్లు మళ్లీ లేస్తుంది. పాత ఇల్లు ఎక్కడ ఓడిపోయిందో తెలిస్తే, కొత్త ఇంటికి రేకు బిగించే రోజున మేస్త్రీ పక్కన నిలబడి, "ఇక్కడ మేకు వద్దు, బోల్టు వెయ్యి నాయనా" అనగలుగుతారు.